ఇరవై ఐదని రాశాను

రోజు 3

ఇది బరువు పెట్టె మాన్యువల్. రెండొందల పేజీలూ ఇంగ్లీషే. కింది ఊళ్ళో నేను తప్ప దీన్ని ఎవరూ తెరవరు. అందుకే వెనక ఉన్న ఖాళీ పేజీల్లో రాస్తున్నాను.

ఇవాళ తొట్టి థర్మామీటరు పగలగొట్టాను.

మెట్ల మీద పాచి పట్టింది. చేయి జారింది, అంతే. మూడు ముక్కలైంది. లోపలి ఎర్ర నీళ్ళు బండ మీద చిన్న గీతలా పడి ఇంకిపోయాయి. ముక్కలు ఏరి ఓణీ కొంగులో కట్టి, నాలుగో గొట్టం వెనక రాతి సందులోకి తోశాను. గాజు వస్తువు పగలగొడితే ఆ ఇంటికి నెల రోజులు దీపం ఇవ్వరు. పోయినేడు మా పక్కింటివాళ్ళు నెలంతా మా గడప ముందు కూర్చుని, మా వెలుగులో అన్నం తిన్నారు. వాళ్ళ మొహాలు నాకింకా గుర్తున్నాయి.

రిజిస్టరులో డిగ్రీల గడిలో 25 అని రాశాను. నేను ఈ పని మొదలుపెట్టిన రెండేళ్ళలో అది ఎప్పుడూ ఇరవై ఐదే. రేపు ఈరన్న మామకి చెప్తాను.

రోజు 4

చెప్పలేదు. 25.

రోజు 9

25 అని రాయడం ఇప్పుడు చేతికి అలవాటైపోయింది.

ఇది ఎప్పటికైనా బయటపడితే చదివేవాళ్ళకి అర్థం కావాలి కాబట్టి నా పనేంటో రాస్తాను. మేమందరం పాత నాపరాయి గనిలో, పై తలుపు మూసుకుని ఉంటున్నాం. నూట నలభై మందిమి. మేం వదిలిన ఊపిరిని ఫ్యాన్లు లాగి, అడుగున ఉన్న తొట్టి నీళ్ళలోకి బుడగలుగా తోస్తాయి. ఊపిరిలోని చెడ్డ గాలి ఆ నీళ్ళలో కరిగిపోతుంది. తొట్టి నూట నలభై మంది ఊపిరే మింగగలదు. కాబట్టి లెక్క తప్పకూడదు.

తూర్పు వైపున్న ఎనభై నాలుగు మందిమి వరి తింటాం. పడమటి వైపున్న యాభై ఆరు మంది జొన్న, కొర్ర తింటారు. వరి తిన్న మనిషి ఊపిరి బరువు ఇరవై ఏడు, జొన్న తిన్న మనిషిది పన్నెండు. అంకె ముందు మైనస్ గుర్తుంటుంది కానీ మేం పలకం. రెండూ కలిస్తే గాలి ఇరవై ఒకటి చూపించాలి. అది పన్నెండు వైపు జరిగిందంటే జొన్న తినే మనుషులు ఎక్కువయ్యారని అర్థం. అందుకే ఒక వైపు తిండి ఇంకో వైపుకి రాకూడదు. పెళ్ళయి అటు వెళ్ళే అమ్మాయికి కంచం మార్పు అని పెద్దల పుస్తకంలో రాస్తారు.

పొద్దున్నే తొట్టిలోంచి చిన్న సీసాడు నీళ్ళు తీసి పెట్టెలో పెడతాను. పెట్టె చూపించే నీళ్ళ అంకెకి ఎనిమిది కలిపితే గాలి అంకె వస్తుంది. పక్కన గాలి మేస్త్రి ఈరన్న మామ నిలబడతాడు.

"ఏం జెప్తాండాది పాపా మన పెట్టె?"

"పదమూడు, మామా."

"ఎనిమిది కలిపితే?"

"ఇరవై ఒకటి."

"ఎవురూ ఎక్కువ లేరు, ఎవురూ తక్కువ లేరు," అని తువ్వాలుతో మొహం తుడుచుకుంటాడు. రోజూ ఇదే మాట. ఆయనకి అదొక దండం పెట్టుకోవడం లాంటిది.

కొత్త సంగతి ఒక్కటే. కరెంటు చాలక పదిహేను రోజుల కిందట వరి మడుల మీద దీపాలు సగం ఆపేశారు. మొక్కలు పాలిపోయాయి. అమ్మ మడుల పక్కనున్న పురుళ్ళ గదిలో నర్సు. అక్కడ చలిగా ఉందని రెండో దుప్పటి తీసుకెళ్ళింది.

నేను దాస్తున్నది ఇంకొకటి కూడా ఉంది. అది ఇక్కడ కూడా రాయను.

రోజు 14

పెట్టె 12.8 చూపించింది. కడిగి మళ్ళీ పెట్టాను. 12.8.

"ఇరవై పాయింటు ఎనిమిదా?" ఈరన్న మామ వేళ్ళు మడిచి లెక్కేశాడు. ఆయన ఇంగ్లీషు చదవలేడు కానీ ఈ లెక్క మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. "పడమటి పక్క ముగ్గురు ఎక్కువుండారు పాపా."

"పెట్టె తప్పేమో మామా."

"పెట్టెకేం తెలుసు అబద్ధమాడేది?"

డిగ్రీల గడిలో 25 రాసి సంతకం పెట్టాను. 5 అంకె 6 లాగా వచ్చింది, దిద్దాను.

రోజు 15

నిన్న అంకె చెప్పినప్పటి నుంచి తూర్పు వైపు సగం మందికి తలనొప్పి. అమ్మ దగ్గర శొంఠి గంధం అయిపోయింది.

"రాత్రంతా ఊపిరాడలేదమ్మా, జొన్నోళ్ళు మింగేస్తాండారు మన గాలంతా," అని ఒకావిడ అమ్మతో అంటోంది. గురక పెట్టి నిద్రపోయిందని వాళ్ళాయన పక్కనుంచి చెప్తున్నాడు.

రోజు 17

రాయకపోతే తల పగిలేట్టుంది. రాసేస్తాను.

తొట్టికి దిగే దారి పడమటి గుండా పోతుంది. దారిలో మొదటి ఇల్లు కుళ్ళాయమ్మ అవ్వది. అవ్వ, ఓబులేసు తాత, ఇద్దరే. ఏడాదిగా నేను రోజూ తొట్టి నుంచి పైకి వచ్చేటప్పుడు ఆ ఇంట్లో ఒక జొన్నరొట్టె తింటున్నాను. వేడిది, ఎర్రగడ్డ ముక్కతో. మొదటిసారి ఆ వాసనకి గడపలో నిలబడిపోతే అవ్వ ఏమీ అడగకుండా చేతిలో పెట్టింది.

"తిను పాపా. ఒక్క రొట్టె తింటే నీ పెట్టెకి తెలియదులే."

"తెలుస్తుంది అవ్వా."

"అయితే దానికీ ఒక ముక్క పెట్టు."

తాత నవ్వి దగ్గాడు. అవ్వ రెండు రొట్టెలే చేసేది. నా కోసం తన పిండిలోంచే చిన్న ముద్దలు తీసి మూడో రొట్టె తట్టడం మొదలుపెట్టింది. తన రొట్టె పలచనైంది. నాకు కనిపిస్తూనే ఉంది. తింటూనే ఉన్నాను.

ఆ ముగ్గురిలో నేనెంత అని లెక్కేశాను. రోజుకొక్క రొట్టె, మిగిలిందంతా వరి. ఒక మనిషి తిండి మొత్తం మారినా పెట్టె కదిలేది ఒక పదో వంతు. ఒక్క రొట్టెకి అది కూడా కదలదు. కాబట్టి నా వల్ల కాదు. మరి ఎవరి వల్ల?

ఇవాళ అవ్వ ఇంటి ముందు నుంచి తల దించుకుని వచ్చేశాను. "పాపా, ఆరిపోతాది," అని లోపల్నుంచి అవ్వ గొంతు వినిపించింది.

రోజు 23

12.6. ఆరుగురు.

ఈరన్న మామ దగ్గర ఇంకో కొలత ఉంది, సున్నపు నీళ్ళ సీసా. గాలి ఊదితే ఎంత సేపటికి తెల్లబడుతుందో చూసి మొత్తం ఊపిరి ఎంతుందో చెప్తాడు. అది ఎప్పటిలాగే ఉంది. పెరగలేదు.

"ఆరుగురు కొత్తోళ్ళుంటే ఇది ఇంకా బిన్నా, తొందరగా తెల్లబడాల గదా," అని ఆయన పెద్ద గురవయ్య తాతతో అన్నాడు. గురవయ్య తాత ఊరికి పెద్ద. పై తలుపు తాళం చెవి ఆయన మొలతాడుకే ఉంటుంది.

"ఇండ్లల్లో సున్నం సల్లి ఆ ఊపిరి దాస్తాండారేమో లేరా ఈరన్నా. సున్నం ఊపిరిని పీల్చుకుంటాది కదా. దొంగకి దారులు తక్కువా?"

పడమటి ఇళ్ళు వెతికారు. పిండి కుండల్లో, దుప్పట్ల కిందా, కోళ్ళ గంపల్లో కూడా. ఎవరూ దొరకలేదు. దొరకలేదు కాబట్టి బాగా దాచారని అనుకున్నారు.

రోజు 26

గనిలో చప్పుడు ఎక్కడికీ పోదు, రాయికి తగిలి తిరిగొస్తుంది. కుళ్ళాయమ్మ అవ్వ పక్కింటావిడ పెద్దల దగ్గర చెప్పిందంట: ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు, రోజూ వినపడేది మూడు రొట్టెలు తట్టే చప్పుడు. ఏడాదిగా వింటున్నానని చెప్పిందంట.

అవ్వని పిలిచి అడిగారు.

"మూడో రొట్టె ఎవురికి?"

"నాకే. ముసలిదాన్ని, ఆకలెక్కువ."

"నిన్న మళ్ళీ వెతికినప్పుడు మూత కింద ఆరిపోయిన రొట్టెలు తొమ్మిది దొరికినాయి. ఆకలైతే తినలేదేం?"

అవ్వ ఆ రొట్టెలు మళ్ళీ కొంగులో కట్టుకుందంట.

తొమ్మిది. నేను వెళ్ళడం మానేసి తొమ్మిది రోజులు.

రోజు 29

స్కూల్ అయ్యాక మాన్యువల్ మొదటి నుంచి చదువుతున్నాను. ఇవాళ నలభై ఏడో పేజీ.

ఈ పేజీ నాకు తెలుసు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు, పెట్టె చూసే పాత మేస్త్రి చనిపోయాక, ఇంగ్లీషు మీడియం పిల్ల అని నన్ను పిలిచి పెద్ద గదిలో అందరి ముందూ చదివించారు. ఫ్రాక్షనేషన్ అనే మాట దగ్గర ఆగిపోయాను. గురవయ్య తాత "అంటే ఏందమ్మా?" అన్నాడు. ఆ మాట నాకు తెలీదు. మా టీచరుకి కూడా తెలీదనుకుంటాను. ఆ లైన్ చివర ఎనిమిది అంకె కనిపించింది. "నీళ్ళ అంకెకి ఎనిమిది కలపాలంట తాతా," అన్నాను. అందరూ సంతోషపడ్డారు. అమ్మ ఆ రోజు పాయసం చేసింది.

ఇవాళ డిక్షనరీ పెట్టుకుని నాలుగుసార్లు చదివాను. కార్బన్ రెండు రకాలు, తేలికది, కొంచెం బరువైనది. ఊపిరి నీళ్ళలో కరిగి బైకార్బొనేట్ అయ్యేటప్పుడు బరువైనది నీళ్ళలో కాస్త ఎక్కువగా ఉండిపోతుంది, తేలికది గాలిలో మిగులుతుంది. కాబట్టి నీళ్ళ అంకె, గాలి అంకె ఎప్పుడూ ఒకటి కావు. ఆ తేడానే ఫ్రాక్షనేషన్. ఇరవై ఐదు డిగ్రీల దగ్గర ఆ తేడా ఎనిమిది.

ఇరవై ఐదు డిగ్రీల దగ్గర.

కింద చిన్న అక్షరాల్లో ఇంకో లైన్ ఉంది. నీళ్ళు చల్లబడితే తేడా పెరుగుతుంది, పది డిగ్రీలకి ఒకటీ పాయింటు ఒకటి చొప్పున. చలికి మనం దుప్పటిని ఇంకా గట్టిగా లాక్కున్నట్టు, చల్లటి నీళ్ళు బరువైనదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాయి.

గాలి మారకపోయినా, కొత్త మనిషి ఒక్కడూ రాకపోయినా, తొట్టి చల్లబడితే చాలు. పెట్టె జొన్న వైపు జరుగుతుంది.

దీపాలని చల్లబరచి వేడెక్కిన నీళ్ళే తొట్టిలోకి వస్తాయి. దీపాలు సగం ఆపేశారు.

డిగ్రీల గడి రిజిస్టరులో ఎందుకుందో రెండేళ్ళ తర్వాత తెలిసింది.

రోజు 30

తొట్టిలో మోచేతి దాకా చేయి పెట్టాను. రోజూ సీసాని వైరు కొక్కెంతో ముంచుతాను కాబట్టి నీళ్ళు తాకే పని ఉండదు. చల్లగా ఉన్నాయి. ఎంత చల్లగా అంటే చెప్పలేను, నా చేతి మీద అంకెలు లేవు.

పెట్టె 12.4 చూపించింది. పది మంది.

ఈరన్న మామ ఇంకా రాలేదు. రిజిస్టరులో 13.0 అని రాశాను. అబద్ధాన్ని అబద్ధంతో సరిచేద్దామనుకున్నాను. ఆయన వచ్చి చూసి వేళ్ళు మడిచి లెక్కేశాడు.

"ఎవురూ ఎక్కువ లేరు," అన్నాడు. మొహం వెలిగిపోయింది. "ఎవురూ తక్కువ లేరు. పోయి కుళ్ళాయమ్మకి జెప్తా."

రోజు 31

గురవయ్య తాత తనే కిందికి దిగాడు. ఒక్క రోజులో ఆరుగురు ఎట్లా మాయమయ్యారో ఆయనకి నమ్మకం కుదరలేదు. నా పక్కనే నిలబడి పెట్టె చూశాడు. అంకెలు ఎవరికైనా అర్థమవుతాయి.

12.4.

"నిన్న సున్నం బాగా సల్లినట్టుండారు," అన్నాడు.

25 రాశాను, ఆయన చూస్తుండగానే.

రోజు 32

తీర్పు ఇచ్చారు. ముప్పై ఆరో రోజు పొద్దున కుళ్ళాయమ్మ అవ్వ, ఓబులేసు తాత పైకి పోవాలి. దాచిన వాళ్ళు బయటికొచ్చే దాకా వారానికొక ఇల్లు.

పైన దుమ్ము తప్ప ఏమీ లేదు. పైకి పోయినవాళ్ళు బతికే ఉన్నామని తెలియడానికి వారానికోసారి ఇనప గొట్టం మీద కొడతారు, అది కింద మాకు గంటలా వినిపిస్తుంది. చివరిసారి పైకి పంపిన కుటుంబం గంట ఆగి ఎనిమిది నెలలైంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. అయినా గురువారం పొద్దున ఆ టైముకి అందరూ కాసేపు గిన్నెలు కడగడం ఆపుతారు.

రోజు 34

అవ్వ ఇంటికి వెళ్ళాను. తాత మూటలు కడుతున్నాడు. విసుర్రాయి తీసుకెళ్ళాలా వద్దా అని ఇద్దరూ వాదించుకుంటున్నారు.

"పైన జొన్నలేడ ఉండాయి? రాయి ఎందుకే నీకు?"

"నీ తలకాయ కింద పెట్టుకుంటావులే."

నన్ను చూసి ఇద్దరూ ఆగారు. అవ్వ గడప దాకా వచ్చి నా చేయి పట్టుకుని లోపలికి లాగింది.

"ఎవురైనా సూసినారా? సూడలేదు కదా? పో, బిన్నా పో."

"అవ్వా, నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పి? నీ కంచం మారుస్తారు. మీ యమ్మ ఒక్కతే అయిపోతాది. రొట్టె పెట్టింది నేను, నువ్వు అడగలే." నా చేయి వదిలింది. "పది మందిని దాసినానంట. అంత మందికి పిండి యాడ తెచ్చినానో ఒక్కరూ అడగలే."

థర్మామీటరు సంగతి చెప్పాలని నోరు తెరిచాను. అవ్వ ఆ లోపే నన్ను బయటికి తోసేసింది. నిజం చెప్పాలంటే, తోసేసినందుకు కాస్త తేలిగ్గా అనిపించింది. అది రాయకుండా ఉండలేను.

రోజు 35

బాగా అలసిపోయాను. దాచడానికి ఇంత కష్టపడాలని తెలిస్తే ఆ రోజే ముక్కలు తీసుకెళ్ళి పెద్దల ముందు పెట్టేదాన్ని.

పొద్దున్నే అమ్మ దగ్గరికి వెళ్ళి జ్వరం చూసే థర్మామీటరు అడిగాను. ఊళ్ళో మిగిలింది అదొక్కటే.

"ఎవురికి జరం?"

"తొట్టికి."

అమ్మ నా వంక చూసింది. నేను చెప్పాను. థర్మామీటరు, ఇరవై ఐదు, నలభై ఏడో పేజీ. రొట్టె కూడా. అమ్మ చేతిలోని గుడ్డ మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

"ఏడాది నుంచా?"

"ఊఁ."

"నేను వండింది తినకుండా లేసిపోతావుంటే కడుపులో బాగలేదేమో అనుకుంటి." తర్వాత అడిగింది, "ఇది ముప్పై ఐదు కంటే తక్కువ చూపీదు కదమ్మే. తొట్టిని ఎట్ల చూస్తావు?"

అది నేను ఆలోచించే వచ్చాను. నాలుగు గ్లాసుల తొట్టి నీళ్ళలో ఒక గ్లాసు మరుగుతున్న నీళ్ళు కలపాలి. తొట్టి ఇరవై ఐదుంటే ఐదు గ్లాసులూ కలిసి నలభై రావాలి. అంతకంటే చల్లగా ఉంటే తగ్గుతుంది.

అమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. గ్లాసులు ఒక దాంట్లో ఇంకోటి పెట్టుకుని నా వెంట తొట్టి దాకా దిగింది. మెట్ల మీద పాచి ఉన్న చోట నా మోచేయి పట్టుకుంది.

ముప్పై ఐదున్నర.

అంటే తొట్టి పంతొమ్మిదిన్నర. కలపాల్సింది ఎనిమిది కాదు, ఎనిమిది పాయింటు ఆరు. 12.4కి అది కలిపితే ఇరవై ఒకటి.

ఈరన్న మామ అప్పుడే బుడగల గొట్టాలు తోమడానికి వచ్చాడు. గొట్టం సందులోంచి గాజు ముక్కలు తీసి ఆయన ముందు పెట్టాను. తిడతాడనుకున్నాను. కొడతాడని కూడా అనుకున్నాను. ఆయన మెట్టు మీద కూర్చుండిపోయాడు. రోజూ లాగే కాళ్ళు తొట్టిలోనే ఉన్నాయి.

"సల్లగానే ఉన్నెయి," అన్నాడు. "నెల నుంచి ఉన్నెయి. పొద్దున కాలు పెడితే జివ్వుమంటాండె."

"మరి ఎవరికీ చెప్పలేదేం మామా?"

"నువ్వు ఇరవై ఐదు రాసినావు కదా పాపా." నా వంక చూడలేదు. "ఇంగ్లీషు పుస్తకం చూసి రాసే పిల్ల. నా కాళ్ళకే ముసలితనం వచ్చిందనుకుంటి."

ఏ తిట్టూ నన్ను అంత ఏడిపించి ఉండేది కాదు.

రోజు 36

పై తలుపు దగ్గర అందరూ పోగయ్యారు. అవ్వ, తాత మూటల మీద కూర్చున్నారు. విసుర్రాయి కూడా ఉంది. అమ్మ కుంపటి, నేను గ్లాసులు, ఈరన్న మామ భుజం మీద తొట్టి నీళ్ళ బిందె, చంకలో రిజిస్టరు. మేం వస్తుంటే జనం దారిచ్చారు.

ఈరన్న మామే మొదలుపెట్టాడు. "పాప ఒకటి చూపిస్తాది. చూసినాక తలుపు తీద్దాం."

నాలుగు గ్లాసులు పోశాను. ఒక గ్లాసు మరిగే నీళ్ళు పోశాను. థర్మామీటరు పెట్టాను.

"నీళ్ళకి జరమొచ్చిందా ఏం నూరీ?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వులు.

"రావాల్సింది. నలభై రావాల్సింది, రాలేదు," అన్నాను.

గురవయ్య తాత వంగి చూశాడు. "మరిగిన నీళ్ళు వచ్చేలోపల ఆరిపోయినాయేమో. మళ్ళీ కాంచు."

మళ్ళీ కాచాం. ఈసారి తాతే పోశాడు. చేయి కాల్చుకున్నాడు కూడా. ముప్పై ఐదున్నర. మూడోసారి తూర్పు వైపు కుండలోని తాగే నీళ్ళతో చేయించాడు, అది ముప్పై ఏడు పైన చూపించింది, నీళ్ళు మారితే అంకె మారింది. అప్పుడు నిటారుగా నిలబడ్డాడు.

నేను చెప్పాను. ఎప్పుడు పగలగొట్టానో, ఎక్కడ దాచానో, ఎన్నిసార్లు ఇరవై ఐదని రాశానో. ఎనిమిది ఎక్కడి నుంచి వచ్చిందో. ఆ మాట అర్థం ఆ రోజు నాకు తెలీదని. ముప్పయ్యో రోజు 13.0 అబద్ధమని. అందరూ రిజిస్టరు వంక చూశారు, నా వంక కాదు. నా చేతిరాత గుండ్రంగా, చక్కగా ఉంటుంది.

"అంటే పది మంది లేరా?" అన్నాడు గురవయ్య తాత.

"లేరు తాతా. ఎప్పుడూ లేరు."

జనంలోంచి ఊపిరి వదిలిన చప్పుడు వచ్చింది. అప్పుడు పక్కింటావిడ గట్టిగా అంది. "నీళ్ళ సంగతి సరే. మూడో రొట్టె? నేను నా చెవులతో విన్నా."

గురవయ్య తాత చెయ్యి తాళం చెవి మీదే ఉంది. "అవును. అది ఎవురికి?"

అవ్వ మూట మీద నుంచి నా వంకే చూస్తోంది. తల అడ్డంగా ఊపుతోంది, వద్దని. అమ్మ నా వెనక నిలబడి ఉంది. అమ్మ మొహం చూడటానికి నాకు ధైర్యం లేదు.

"నాకు," అన్నాను. "ఏడాది పాటు రోజూ నేనే తిన్నా. నేను మానేశాక కూడా అవ్వ చేసి పెట్టింది, వస్తానేమో అని."

తాళం చెవి మొలతాడుకి తగిలి చిన్న చప్పుడైంది. వదిలేశాడు.

ఓబులేసు తాత లేచి మూట భుజాన వేసుకున్నాడు. "పదవే, పొయ్యి ఆరిపోయుంటాది. ఆ రాయి మాత్రం నువ్వే మోసుకో."

రోజు 37

శిక్ష చెప్పారు. గాజుకి మా ఇంటికి నెల రోజులు దీపం లేదు. రొట్టెకి కంచం మార్పు. ఈ రోజు నుంచి నేను పడమటి మనిషిని, అక్కడే తినాలి, అక్కడే పడుకోవాలి. పెట్టె పని మాత్రం నాదే, ఇంకెవరికీ అంత ఇంగ్లీషు రాదు కాబట్టి. ఇకనుంచి ఈరన్న మామ కాలు పెట్టి చూశాకే నేను డిగ్రీలు రాయాలి. రెండూ కలవకపోతే మళ్ళీ కొలవాలి.

అంటే దీపం శిక్ష అమ్మ ఒక్కతే అనుభవించాలి.

అమ్మ నా కంచం కడిగి, తుడిచి, చేతికిచ్చింది. నేను గడప దాటాక పిలిచింది.

"నూరీ."

తిరిగి చూశాను.

"గ్లాసు మర్సిపోయినావు."

రోజు 38

కుళ్ళాయమ్మ అవ్వ ఇంట్లో పడుకుంటున్నాను. నిన్న రాగానే కాళ్ళు పట్టుకోబోతే పక్కకి జరిగింది.

"పదిహేడు దినాలు నా వాకిలి ముందర తల వంచుకోని పోయినావు. అది నేను మర్సిపోనులే." తర్వాత పిండి ముద్ద తీసుకుని పీట మీద పెట్టింది. ఒకటి. రెండు. మూడోది మిగతా రెండింటి కన్నా గట్టిగా తట్టింది, పక్కింటికి బాగా వినపడేట్టు.

రోజు 48

పొద్దున. ఈరన్న మామ పంచె పైకి మడిచి కాలు తొట్టిలో పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు.

"నిన్నట్లాగనే ఉండాది."

నాలుగు గ్లాసులు, ఒక గ్లాసు. పంతొమ్మిదిన్నర. రాశాను.

పెట్టె 12.3 చూపించింది. కడిగి మళ్ళీ పెట్టాను. 12.3.

"ఎంత కలపాల?"

"ఎనిమిది పాయింటు ఆరు."

ఆయన వేళ్ళు మడిచాడు, ఆగాడు. మొహం మారింది. "ఇరవై పాయింటు తొమ్మిది. పాయింటు ఒకటి తగ్గింది పాపా. పడమటి పక్క జరిగింది మళ్ళీ."

నేను అప్పటికే లెక్కేసి ఉన్నాను. పదకొండు రోజులుగా జొన్న తప్ప ఏమీ తినలేదు. తూర్పున ఎనభై మూడు, పడమట యాభై ఏడు.

"సరిగ్గానే ఉంది మామా," అన్నాను. "ఆ ఒకటి నేను."

ఆయన పెట్టె వంక చూశాడు. తర్వాత తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఎవురూ ఎక్కువ లేరు," అని ఆగాడు.

తూర్పు వైపు దీపం లేని మా ఇల్లు గుర్తొచ్చింది. అమ్మ ఈ పాటికి పక్కింటి గడప ముందు కూర్చుని, వాళ్ళ వెలుగులో తింటూ ఉంటుంది.

"ఎవరూ తక్కువ లేరు," అని నేను రాశాను.